చేతులు వాడకుండా ట్యాబ్: చూపుతో, తలతో నడిపించే సెటప్ మొదటి నుంచి

మా చిన్నాన్నకి చూపుతో ట్యాబ్ నడిపే సెటప్ పెట్టిన రోజు ఆయన చేసిన మొదటి పని, పొరపాటున నాకు వీడియో కాల్ చేయడం. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. జేబులో ఫోన్ మోగుతోంది, ఆయన కంగారుగా ఎర్ర బటన్ కోసం వెతుకుతున్నారు, వెతికే దారిలో చూసినవన్నీ నొక్కుకుపోతున్నాయి, రెండు నిమిషాల్లో వ్యవహారం ఏదో యాప్ డిలీట్ చేయమంటారా అని అడిగే దాకా వెళ్లింది. ఆయన విసుగొచ్చి కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరిపించడానికి మూడు రోజులు పట్టింది.

తప్పు నాది. ఎలా నొక్కాలో గంటసేపు చూపించాను కానీ ఎలా ఆపాలో ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే ఈ గైడ్‌లో ఏ పద్ధతి గురించి చెప్పినా దాన్ని ఆపడం ఎలాగో కూడా చెబుతాను. మోటార్ న్యూరాన్ జబ్బు, మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ, సెరిబ్రల్ పాల్సీ, పక్షవాతం, కారణం ఏదైనా సరే, చేతులు పనిచేయని మనిషికి ట్యాబ్ ఇస్తున్నారంటే, అది తన మాట వినాలి, తను చాలంటే ఊరుకోవాలి.

చూపా, తలా, ముఖ కవళికలా?

కొనడానికి ముందు ఒక రోజు ఆ మనిషిని గమనించండి. తల అటూ ఇటూ బాగా తిప్పగలరా, తిప్పి అరగంట తర్వాత కూడా తిప్పగలరా? అలాగైతే తలతో నడిపే పద్ధతి మొదట ప్రయత్నించండి. పాయింటర్, అంటే స్క్రీన్ మీద కదిలే గుర్తు, తల వెంట వస్తుంది, కళ్లు హాయిగా స్క్రీన్ చదువుకోవచ్చు, గురి కూడా బాగా కుదురుతుంది. మెడలో బలం లేదు, కళ్లు మాత్రం చక్కగా కదులుతున్నాయి అంటే చూపు. మోటార్ న్యూరాన్ జబ్బులో చాలామందికి కాళ్లూ చేతులూ గొంతూ పోయాక కూడా కంటి కండరాలు చాలాకాలం పనిచేస్తాయి, అందుకే వాళ్లలో ఎక్కువమంది చివరికి చూపు పద్ధతికే వస్తారు. ఇవాళ మెడ ఆడుతున్నా రేపు ఆడదని తెలిస్తే చూపు ఇప్పుడే అలవాటు చేయడం మంచిది, ఓపిక ఉన్నప్పుడు నేర్చుకోవడం వేరు.

తల, కళ్లు రెండూ నిలకడగా ఉండవు, వాటంతట అవే కదిలిపోతుంటాయి అంటే పాయింటర్ జోలికి పోకండి. నోరు తెరవడం, కనుబొమ్మలు ఎత్తడం లాంటి ఒక్క కదలికను బటన్‌లా వాడుకునే పద్ధతి ఉంది. స్క్రీన్ మీద ఒక్కో ఐటమ్ వరసగా వెలుగుతూ వెళ్తుంది, కావాల్సింది వెలిగినప్పుడు ఆ కదలిక చేస్తే చాలు. నెమ్మదే, కానీ నమ్మకంగా పనిచేస్తుంది. స్టీఫెన్ హాకింగ్ ఏళ్లతరబడి వాడింది ఇలాంటిదే, ఆయన చెంప కదలికను కళ్లజోడుకు బిగించిన సెన్సర్ పట్టుకునేది.

అసలు చూపు ఎటుందో ట్యాబ్‌కి ఎలా తెలుస్తుంది

ఇది కొంచెం తెలిస్తే తర్వాత వచ్చే సమస్యల్లో సగం మీరే సరిచేసుకోగలరు. విడిగా అమ్మే ఐ ట్రాకర్లు కంటికి కనిపించని ఇన్ఫ్రారెడ్ వెలుగు కంటిమీద వేస్తాయి. నల్లగుడ్డు మీద ఆ వెలుగు చిన్న చుక్కలా మెరుస్తుంది. కన్ను కదిలితే కంటిపాప జరుగుతుంది, మెరుపు చుక్క మాత్రం పెద్దగా జరగదు. ఆ రెండింటి మధ్య దూరాన్ని, దిశను బట్టి చూపు ఎటో లెక్కగడతాయి. ఐప్యాడ్‌లో ఉన్న సొంత ఐ ట్రాకింగ్‌కు ఇలాంటి అదనపు పరికరం ఏదీ అక్కర్లేదు, ముందు కెమెరా బొమ్మను చూసి అంచనా వేస్తుంది. అందుకే వెలుతురు, దూరం, కళ్లజోడు మీద మెరుపు లాంటివి దాన్ని ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

గురి ఎంత తప్పుతుందో ఒక చిన్న లెక్క. కంటికీ స్క్రీన్‌కీ మధ్య 45 సెంటీమీటర్లు ఉన్నప్పుడు చూపు అంచనాలో ఒక్క డిగ్రీ తేడా వస్తే స్క్రీన్ మీద పాయింటర్ దాదాపు 8 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది, అంటే చిటికెన వేలి గోరంత. రెండు డిగ్రీలైతే పక్క ఐకాన్ మీదికే పోతుంది. దీన్ని ఏ సెట్టింగూ పూర్తిగా మాయం చేయలేదు, అందుకే ఐకాన్లు, అక్షరాలు వీలైనంత పెద్దవి చేయడమే అసలు చిట్కా.

ఇంకో చిక్కు, కన్ను చూడటానికి ఉన్నది, నొక్కడానికి కాదు. చూసిన ప్రతిదీ నొక్కుకుపోవడాన్ని ఈ రంగంలో మైడాస్ టచ్ అంటారు, ముట్టిందల్లా బంగారమైపోయే రాజు కథ అది. నాకైతే మన భస్మాసురుడి చెయ్యే గుర్తొస్తుంది. దీనికి విరుగుడే డ్వెల్, అంటే ఒకే చోట కాసేపు చూపు నిలిపితేనే నొక్కినట్టు లెక్క. మామూలుగా మనం ఏదైనా చదివేటప్పుడు చూపు ఒక్కో చోట పావు సెకను అటూ ఇటూ మాత్రమే ఆగుతుంది, కాబట్టి డ్వెల్ సమయం దానికంటే బాగా ఎక్కువ పెడితే చూడటం వేరు, నొక్కడం వేరు అవుతాయి.

స్టాండ్, వెలుతురు, కూర్చునే తీరు

సెట్టింగ్స్ తెరవకముందే ఈ పని పూర్తిచేయండి. నేను చూసిన సెటప్‌లలో పనిచేయనివి ఎక్కువగా ఇక్కడే చెడిపోయాయి, సాఫ్ట్‌వేర్‌లో కాదు.

ముందు మనిషిని సర్దండి, తర్వాత ట్యాబ్‌ని మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. చాలామంది ట్యాబ్‌ని బల్లమీద పెట్టి మనిషిని దానివైపు వంచుతారు, పది నిమిషాలకు మెడ నొప్పి వచ్చి మానేస్తారు. వీపు ఆనుకుని, తలకు ఆసరా ఉండి, ఆ మనిషికి రోజూ హాయిగా ఉండే భంగిమలోనే ఉంచండి. మంచంమీద సగం వాలి ఉండేవాళ్లైతే ట్యాబ్ కూడా అంతే వాలి ఉండాలి. పరీక్ష ఇది: ట్యాబ్ మధ్యలోంచి ఒక కర్ర నిటారుగా బయటికొస్తే అది ముక్కు మీదికి రావాలి, గడ్డం మీదికో నుదుటి మీదికో కాదు.

దూరం దాదాపు 45 సెంటీమీటర్లు, ఐప్యాడ్‌కు చెప్పే దూరం కూడా ఇదే. విడి ట్రాకర్లలో కొన్ని ఇంకొంచెం దూరం, 60 దాకా అడుగుతాయి. మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా పెట్టి చూస్తే మీకు సుమారుగా తెలిసిపోతుంది.

స్టాండ్ కదలకూడదు. గూస్‌నెక్ స్టాండ్లు, అదే పాములా వంగే మెడ ఉన్నవి, చవగ్గా వస్తాయి కానీ ఫ్యాన్ గాలికి కూడా ఊగుతాయి, ట్యాబ్ బరువుకు రోజంతా మెల్లగా కిందికి వాలుతూ ఉంటాయి. పొద్దున చేసిన క్యాలిబ్రేషన్, అంటే చూపు ఎటుందో ట్యాబ్‌కి నేర్పే సర్దుబాటు, మధ్యాహ్నానికి పాడైపోయిందంటే ముందు దాన్నే అనుమానించండి. మంచం రాడ్‌కో వీల్‌చైర్ ఫ్రేమ్‌కో బిగించే, కీళ్ల దగ్గర స్క్రూలు ఉన్న ఇనప మౌంట్ కొనండి, ట్యాబ్ కంటే దీని మీద డబ్బు పెట్టడంలో తప్పులేదు. సరైన చోటు దొరికాక ప్రతి కీలు దగ్గరా పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి, పక్కకు జరిపి మళ్లీ పెట్టేటప్పుడు గీతలు కలిపితే చాలు.

వెలుతురు ముఖం మీదికి ముందు నుంచో పక్క నుంచో మెత్తగా పడాలి. వెనక కిటికీ ఉంటే కెమెరాకు ముఖం నల్లటి నీడలా కనిపిస్తుంది. ఇన్ఫ్రారెడ్ ట్రాకర్లకైతే నేరుగా పడే ఎండ ఇంకా పెద్ద శత్రువు, ఎండలో కూడా ఇన్ఫ్రారెడ్ ఉంటుంది కదా, వాటి చుక్క అందులో కలిసిపోతుంది. కళ్లజోడు ఉంటే శుభ్రంగా తుడవండి, అద్దం మీద ట్యూబ్‌లైట్ మెరుస్తుంటే ట్యాబ్‌ని కాస్త వంచండి. కింది భాగంలో వేరే పవర్ ఉండే బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలతో ఇబ్బంది ఎక్కువ, వీలైతే ఆ దూరానికి సరిపడే ఒకే పవర్ అద్దాలు విడిగా చేయించుకోవచ్చేమో కళ్ల డాక్టర్‌ని అడగండి. కనురెప్ప వాలిపోయి కంటిపాపను కప్పేస్తుంటే కెమెరా పైనుంచి చూసేటప్పటికంటే కింది నుంచి చూస్తే పాప బాగా కనబడుతుంది. విడి ట్రాకర్లను స్క్రీన్ కింది అంచున పెట్టేది అందుకే.

కెమెరా లెన్స్ మీద వేలిముద్ర ఉందేమో కూడా చూడండి. నవ్వకండి, నేను ఒక సాయంత్రమంతా దానికే పోగొట్టుకున్నాను.

ఐప్యాడ్‌లో చూపుతో

ఐప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఐప్యాడ్‌ఓఎస్ 18తో 2024లో ఐ ట్రాకింగ్ ట్యాబ్‌లోకే వచ్చేసింది, వేరే యాప్ అక్కర్లేదు. ఐప్యాడ్ 10వ తరం నుంచి, ఎయిర్ 4వ తరం నుంచి, మినీ 6వ తరం నుంచి, ప్రోలో అయితే 11 అంగుళాలది 3వ తరం నుంచి, 12.9 అంగుళాలది 5వ తరం నుంచి పనిచేస్తుంది. చూపుకు సంబంధించిన సమాచారం ట్యాబ్ దాటి బయటికి పోదని యాపిల్ చెబుతోంది.

ఆన్ చేసే ముందు నాలుగు పనులు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆటో లాక్‌ని నెవర్‌కి మార్చండి. ఫోకస్‌లో డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి, ఇది మర్చిపోవద్దు, ఎందుకంటే స్క్రీన్ పైన ఏదైనా నోటిఫికేషన్ తళుక్కుమంటే మన కన్ను అడగకుండానే అటు పోతుంది, పోయి అక్కడ ఆగితే అది తెరుచుకుంటుంది. స్క్రీన్ టైమ్‌లో కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్‌లోకి వెళ్లి యాప్‌లు డిలీట్ చేయడం, కొనడం రెండూ ఆపేయండి. చివరగా హోమ్ స్క్రీన్ మొదటి పేజీలో వాడే ఆరేడు యాప్‌లు తప్ప మిగతావన్నీ తీసేసి, ఐకాన్లు పెద్దవిగా కనిపించేలా పెట్టండి.

ఇప్పుడు సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఐ ట్రాకింగ్. ఆన్ చేయగానే క్యాలిబ్రేషన్ మొదలవుతుంది. స్క్రీన్ మీద ఒక్కో చోట చుక్క కనిపిస్తుంది, దాన్ని కళ్లతో అనుసరించాలి. ఇక్కడ పక్కనున్నవాళ్లు చేసే తప్పు ఒకటుంది, "అదిగో అక్కడ చూడండి, ఇప్పుడు ఇక్కడ" అని మాట్లాడుతూనే ఉంటారు. మాట వినపడితే కళ్లు మాట్లాడేవాళ్ల వైపు పోతాయి, క్యాలిబ్రేషన్ చెడిపోతుంది. ముందే వివరంగా చెప్పేసి, మొదలయ్యాక నోరు మూసుకుని కూర్చోండి. చుక్క ఇంకా రాకముందే ఎక్కడొస్తుందోనని ముందుకు పరిగెత్తొద్దని కూడా చెప్పండి.

క్యాలిబ్రేషన్ అయ్యాక పాయింటర్ వస్తుంది, ఒకదాని మీద చూపు నిలిపితే చుట్టూ గీత నిండుతూ వచ్చి నొక్కుకుంటుంది. ఇదే డ్వెల్ కంట్రోల్. ఇక్కడ ఆగండి. నొక్కడం నేర్పించొద్దు ఇంకా.

ముందు ఆపడం

అసిస్టివ్‌టచ్ మెనూ అని స్క్రీన్ అంచున ఒక గుండ్రటి బటన్ ఉంటుంది. దాన్ని చూపుతో తెరిస్తే పాజ్ డ్వెల్ కనిపిస్తుంది. అది నొక్కితే ఎక్కడ చూసినా ఏమీ జరగదు, హాయిగా సినిమా చూడొచ్చు, పేపర్ చదవొచ్చు, పక్కవాళ్లతో కళ్లతో మాట్లాడొచ్చు. మళ్లీ కావాలంటే అక్కడే రెజ్యూమ్. పది నిమిషాలు ఇది ఒక్కటే చేయించండి, ఆపు, మళ్లీ మొదలుపెట్టు, ఆపు. చిన్నాన్న రెండోసారి ఒప్పుకుంది ఇది చూపించాకే, "ఇది ముందే చెప్పొచ్చు కదరా" అన్నట్టు ఒక చూపు చూశారు, ఆ చూపును ఏ ట్రాకరూ అక్కర్లేకుండానే చదివాను.

ఆ బటన్‌ని ఎప్పుడూ ఒకే చోట ఉంచండి, చూపు బాగా కుదిరే వైపున. దానికి తోడు హాట్ కార్నర్స్ ఉన్నాయి, స్క్రీన్ నాలుగు మూలల్లో ఒక్కో మూలకు ఒక్కో పని ఇవ్వొచ్చు. ఎడమవైపు పై మూలను అలాగే చూస్తూ ఉంటే క్యాలిబ్రేషన్ మళ్లీ మొదలవుతుంది, అది కదపొద్దు, మీరు గదిలో లేనప్పుడు ఆ మనిషికి అదే దిక్కు. ఇంకో మూలకు హోమ్ స్క్రీన్ ఇవ్వండి, ఎక్కడ ఇరుక్కున్నా బయటపడొచ్చు. నాలుగు మూలలూ ఒకే రోజు నింపేయకండి, మర్చిపోతారు, పొరపాటున మూలకు చూసి కంగారుపడతారు.

పక్కనున్నవాళ్ల కోసం కూడా ఒక దారి ఉండాలి. యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌లో ఐ ట్రాకింగ్‌ని ఎంచుకుంటే ట్యాబ్ పై అంచున ఉండే బటన్‌ని మూడుసార్లు నొక్కి ఆన్ ఆఫ్ చేయొచ్చు. ఇంట్లో అందరికీ, చూసుకోవడానికి వచ్చేవాళ్లకి కూడా ఇది నేర్పండి.

డ్వెల్ సమయం, మిగతా సర్దుబాట్లు

మొదట రెండు సెకన్ల దగ్గర మొదలుపెట్టండి. నెమ్మది అనిపించినా పర్వాలేదు. పొరపాటు నొక్కుళ్లు దాదాపు లేవు అనిపించాక సెకనులో పదో వంతు, రెండు పదో వంతులు చొప్పున తగ్గించండి. చాలామంది ఒక సెకను దగ్గర్లో కుదురుకుంటారు. వేగంగా నేర్చుకుంటున్నారు కదా అని ఒకేసారి సగానికి తగ్గిస్తే మళ్లీ భస్మాసురుడే. సాయంత్రం అలసిపోయినప్పుడు పొద్దుటి సమయం సరిపోదు, పెంచాల్సి రావచ్చు, అది వెనకబడటం కాదు.

పాయింటర్ వణుకుతుంటే స్మూతింగ్ పెంచండి, వణుకు తగ్గుతుంది, బదులుగా పాయింటర్ చూపు వెనకాల కాస్త ఆలస్యంగా వస్తుంది. స్నాప్ టు ఐటమ్ ఆన్ ఉంచండి, పాయింటర్ దగ్గర్లో ఉన్న బటన్‌కి అతుక్కుంటుంది, పైన చెప్పిన గోరంత తప్పును ఇదే చాలావరకు కప్పేస్తుంది. జూమ్ ఆన్ కీబోర్డ్ కీస్ కూడా ఆన్ చేయండి, చూసిన చోట కీలు పెద్దవై కనిపిస్తాయి.

గురి పైవైపు బాగుండి కిందివైపు తప్పుతోందా? ఎక్కువసార్లు కారణం ట్యాబ్ వంపు లేదా కనురెప్ప, కిందికి చూసినప్పుడు రెప్ప వాలి పాపను కప్పేస్తుంది. ట్యాబ్‌ని కొంచెం పైకి జరిపి మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. అంతటా ఒకేవైపు తప్పుతోందంటే మనిషి తల జరిగిందన్నమాట, దిండు చూడండి. ఒకసారి బాగా, ఒకసారి ఘోరంగా ఉందంటే వెలుతురు, లేదా కళ్లు పొడిబారడం. స్క్రీన్ వైపు తదేకంగా చూసేవాళ్లు రెప్పవేయడం మర్చిపోతారు, కళ్లు మండుతుంటే డాక్టర్‌ని అడిగి చుక్కల మందు వాడండి, ప్రతి పదిహేను నిమిషాలకు విరామం ఇవ్వండి. మెల్లకన్ను, లేదా కళ్లు వాటంతట అవే కొట్టుకునే నిస్టాగ్మస్ ఉన్నవాళ్లకి కెమెరా పద్ధతి కుదరకపోవచ్చు, ఒక్క కన్నునే అనుసరించే వీలున్న విడి ట్రాకర్ ప్రయత్నించి చూడాలి. ఐప్యాడ్ 2021లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 15 నుంచి బయటి ట్రాకర్లను ఒప్పుకుంటోంది, టోబీ డైనవాక్స్ అనే కంపెనీ టీడీ పైలట్ అనే ట్రాకర్‌ని అలా ఐప్యాడ్ కోసమే చేసింది. ఖరీదు ఎక్కువ, కొనేముందు ఆ మనిషి చేత కనీసం ఒక రోజు వాడించి చూడకుండా డబ్బు కట్టకండి.

తలతో నడపాలంటే

ఐప్యాడ్‌లో ఒక్క కదలికను బటన్‌లా వాడుకునే స్విచ్ కంట్రోల్ కింద కెమెరాను స్విచ్‌గా పెట్టి, తల ఎడమకు తిప్పితే ఒక పని, కుడికి తిప్పితే ఒక పని ఇవ్వడం చాలా ఏళ్లుగా ఉంది. 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26లో ఐ ట్రాకింగ్ లాగే తల కదలికతో పాయింటర్ నడిపే హెడ్ ట్రాకింగ్ కూడా ఉంది. దీంట్లో నాకు నచ్చేది, నొక్కడానికి డ్వెల్ బదులు ముఖ కవళిక పెట్టుకోవడం. కనుబొమ్మలు ఎత్తితేనే నొక్కుకుంటుంది, ఎంతసేపు చూసినా ఏమీ కాదు.

కవళిక ఎంచుకునేటప్పుడు ఆ మనిషి మామూలుగా చేయనిది చూడండి. ఒక స్నేహితుడికి నవ్వును నొక్కుడుగా పెట్టాం. చూడటానికి వచ్చినవాళ్లు జోక్ వేసినప్పుడల్లా ఏదో ఒకటి తెరుచుకునేది, ఆఖరికి అతను నవ్వు ఆపుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజే మార్చేశాం. నోరు తెరవడం మాట్లాడేవాళ్లకు పనికిరాదు, ఆవలింత వస్తే ఎవరికీ పనికిరాదు. కనుబొమ్మలు నా మొదటి ఓటు.

పాయింటర్ వేగం తక్కువ పెడితే మెడ ఎక్కువ తిప్పాలి, ఎక్కువ పెడితే గురి కుదరదు. తల కొద్దిగా, అంటే ముక్కు చివర రెండు మూడు అంగుళాలు కదిలితే స్క్రీన్ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేలా మొదలుపెట్టి సర్దుకోండి. కాసేపటికి తల నేరుగా ఉన్నా పాయింటర్ పక్కకు జారి ఉంటుంది. అప్పుడు తలను అటువైపే ఇంకా తిప్పి పాయింటర్‌ని స్క్రీన్ అంచుకు గుద్దించి మళ్లీ మధ్యకు రండి, చాలా పద్ధతుల్లో ఇలా సరిపోతుంది.

కెమెరా వద్దనుకుంటే నెత్తికో కళ్లజోడులాగో పెట్టుకునే బ్లూటూత్ మౌస్‌లు ఉన్నాయి, గ్లాస్‌ఔస్ అలాంటిదే. చీకట్లో కూడా పనిచేయడం వీటి లాభం. ఐప్యాడ్‌లో అసిస్టివ్‌టచ్‌లో డ్వెల్ ఆన్ చేస్తే వీటికి వేరే బటన్ కూడా అక్కర్లేదు.

ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే

ఇందులో ఐప్యాడ్ లాంటి చూపు పాయింటర్ అన్ని ట్యాబ్‌లలో ఉండదు, కానీ చేతిలో ఉన్న మామూలు ట్యాబ్‌తోనే చేయగలిగేవి ఉన్నాయి. ఐప్యాడ్ స్విచ్ కంట్రోల్ లాంటి స్విచ్ యాక్సెస్‌లో 2021లో కెమెరా స్విచ్ వచ్చింది. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్విచ్ యాక్సెస్‌లోకి వెళ్లండి, కనిపించకపోతే ప్లే స్టోర్‌లో వెతికి ఇన్‌స్టాల్ చేయండి. స్విచ్ రకం అడిగినప్పుడు కెమెరా ఎంచుకోండి. ఆరు కదలికలు పట్టుకుంటుంది: ఎడమకు చూపు, కుడికి చూపు, పైకి చూపు, నవ్వు, కనుబొమ్మలు ఎత్తడం, నోరు తెరవడం. మొదట రెండే వాడండి, ఒకటి తర్వాతి ఐటమ్‌కి వెళ్లడానికి, ఒకటి ఎంచుకోవడానికి. కుదిరాక మూడోది ఆపడానికి ఇవ్వండి, కెమెరా స్విచ్‌ని పాజ్ చేసే పని జాబితాలోనే ఉంటుంది. కదలిక ఎంత పెద్దదిగా ఉండాలి, ఎంతసేపు ఉండాలి అనేవి ఒక్కోదానికి విడివిడిగా సర్దొచ్చు, నోరు కొంచెమే తెరవగలిగేవాళ్లకి ఇక్కడే తేడా వస్తుంది.

తల పాయింటర్ కావాలంటే ఈవా ఫేషియల్ మౌస్ అని ఓపెన్ సోర్స్ యాప్ ఉంది, మీ ట్యాబ్ వెర్షన్‌లో సరిగ్గా నడుస్తుందో ముందు మీరే వాడి చూడండి. బ్లూటూత్ తల మౌస్ ఉంటే ఏ యాప్ అక్కర్లేదు, ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీలో పాయింటర్ ఆగిన చోట దానంతట అదే క్లిక్ అయ్యే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేస్తే సరి. ఊరూపేరూ లేని యాప్‌లకు మాత్రం యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వకండి, ఆ అనుమతి ఉన్న యాప్ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ తరఫున నొక్కగలదు కూడా, ఆ ట్యాబ్‌లోనే బ్యాంక్ యాప్ ఉంటే చెప్పక్కర్లేదు.

విండోస్ ట్యాబ్ గురించి రెండు ముక్కలు: 2017 నుంచి విండోస్ 10లో ఐ కంట్రోల్ ఉంది కానీ దానికి సరిపడే బయటి ట్రాకర్ కావాలి. తలతో అయితే ఈవయాకామ్ అనే ఉచిత ప్రోగ్రామ్ మామూలు వెబ్‌క్యామ్‌తో నడుస్తుంది.

తెలుగులో టైపింగ్

ఇక్కడ అందరూ నిరాశపడతారు, ముందే చెబుతున్నాను. "నాకు దాహం వేస్తోంది" అని టైప్ చేయాలంటే ఎన్ని కీలో లెక్కపెట్టండి. నాకు నాలుగు, దాహం నాలుగు, వేస్తోందికి తొమ్మిది, రెండు స్పేసులు, మొత్తం పంతొమ్మిది. ఒక్కో కీ మీద ఒకటిన్నర సెకను చూపు నిలిపితే అదే దాదాపు అరనిమిషం, కీ ఎక్కడుందో వెతుక్కునే సమయం, తప్పు కొట్టి చెరిపే సమయం దీనికి అదనం. నీళ్లు అడగడానికి రెండు నిమిషాలు.

అందుకని రోజూ వాడే మాటలు టైప్ చేయనివ్వకండి. ఐప్యాడ్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ అని కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఉంది, "దద" అని కొడితే మొత్తం వాక్యం వచ్చేలా పెట్టుకోవచ్చు. పంతొమ్మిది కాస్తా రెండు, మూడు అవుతుంది. ఇంకా మంచిది, లైవ్ స్పీచ్‌లో తరచూ వాడే వాక్యాలు దాచుకుని నొక్కగానే ట్యాబ్ చేత పలికించడం. ఆండ్రాయిడ్‌లో గూగుల్ 2020లో విడుదల చేసిన లుక్ టు స్పీక్ యాప్ ఉంది, వాక్యాలు రెండు వైపులా కనిపిస్తాయి, కావాల్సింది ఉన్న వైపు చూస్తే జాబితా సగానికి తగ్గుతుంది, మళ్లీ చూస్తే ఇంకో సగం. పదహారు వాక్యాలుంటే నాలుగు చూపుల్లో పని అయిపోతుంది.

ఆ వాక్యాలు మీరు రాయకండి, ఆ మనిషినే అడిగి రాయండి. నేను రాసిన జాబితాలో నీళ్లు, మందులు, బాత్రూమ్ ఉన్నాయి. చిన్నాన్న మొదట చేర్పించింది "ఆ టీవీ సౌండ్ తగ్గించండి", రెండోది "నేను వింటున్నాను, నాతోనే మాట్లాడండి".

మొదటి వారం

రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు చాలు. మొదటి రెండు రోజులు ఆపడం, మొదలుపెట్టడం, ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి చూడటం, ఇందులో తప్పు నొక్కినా పోయేదేమీ లేదు. తర్వాత పాటలు. నాలుగో రోజుకి పిలుపు గంట పెట్టండి, అంటే ఒక్క బటన్ నొక్కితే "ఎవరైనా ఒకసారి రండి" అని పెద్ద గొంతుతో పలికేది. దీన్ని అర్ధరాత్రి వేళ పక్క గదిలోకి వినపడుతుందో లేదో తలుపు మూసి పరీక్షించండి. టైపింగ్ వారం తర్వాతే. పక్కన కూర్చున్నప్పుడు చెయ్యి చాపి మీరు నొక్కకండి, చాలా కష్టం ఇది, నాకు తెలుసు, చేతులు కట్టుకుని కూర్చోండి.

కెమెరా ఆగకుండా నడుస్తుంది కాబట్టి ఛార్జ్ తొందరగా అయిపోతుంది, ట్యాబ్ వేడెక్కుతుంది. ఛార్జర్ తీగను మౌంట్‌కి కట్టేయండి, లాగితే ఊడకుండా. కవర్ మందంగా ఉంటే తీసేయండి. ట్యాబ్ రీస్టార్ట్ అయితే పాస్‌కోడ్ అడుగుతుంది, అది ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

ట్యాబ్ పనిచేయని రోజుకి

కరెంటు పోతుంది, ట్యాబ్ కింద పడుతుంది, కళ్లు కలకవేస్తాయి. ఆ రోజుకి ఒక అట్ట ముక్క సిద్ధంగా ఉంచండి. దానికి మన వర్ణమాల చక్కగా సరిపోతుంది, వరసలుగా సర్ది ఉండనే ఉంది. అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చులు ఒక వరస, క చ ట త ప వర్గాలు ఐదు వరసలు, య నుంచి మిగిలినవి ఒక వరస రాయండి. మీరు వరస పేర్లు మెల్లగా చదువుతారు: అచ్చులు, క, చ, ట, త... కావాల్సిన వరస దగ్గర ఆయన రెప్పవేస్తారు లేదా పైకి చూస్తారు. తర్వాత ఆ వరసలో అక్షరాలు: త, థ, ద. అక్కడ మళ్లీ రెప్ప. గుణింతం అడగాల్సిన పని చాలాసార్లు రాదు, "ద, హ" దాకా వచ్చేసరికి మీరే "దాహమా?" అంటారు. అవునంటే ఏమిటో, కాదంటే ఏమిటో ముందే మాట్లాడుకుని అట్ట పైన రాసిపెట్టండి, కొత్తగా వచ్చినవాళ్లకి కూడా తెలియాలి. మా ఇంట్లో అది మంచం పక్క మేకుకి వేలాడుతోంది, దాని మూలన చిన్నాన్న చెప్పి రాయించిన లైను ఒకటుంది, "తొందరపడి నా మాట మీరు పూర్తిచేయకండి".